కాలువ కట్టేసే ముందు, కాలువ వదిలే ముందు: డెల్టా రుతువులకు ఆక్యుపంక్చర్

ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యేసరికి ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. మా ఇంటి ముందు పంట కాలువలో నీళ్ళు రోజురోజుకీ తగ్గిపోయి, అడుగున బురద బీటలు తీస్తుంది. సరిగ్గా అప్పుడే మా వీధిలో తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అన్న మాటలు మొదలవుతాయి. జూన్‌లో నీళ్ళు వదులుతారు. నారుమళ్ళు, నాట్లు, వాటి వెనకే నడుము నొప్పులు. ఆగస్టులో గోదావరికి ఎర్రనీళ్ళు వస్తాయి, ఊళ్ళోకి జ్వరాలు వస్తాయి. కార్తీకం దాటితే కోతలు, నూర్పిడి దుమ్ము, మంచు, తుమ్ములు, ఆయాసం. ముప్పై ఏళ్ళు ముక్తేశ్వరం చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా, అంటే ప్రభుత్వ నర్సుగా తిరిగాను. ఈ వరస నాకు కంఠతా వచ్చు.

రిటైరయ్యే ఏడాది మోకాళ్ళ నొప్పితో పడవ రేవులో మెట్లు దిగలేకపోయేదాన్ని. రాజమండ్రిలో ఒక ఆక్యుపంక్చర్ (ఒంటి మీద కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యం) డాక్టరుగారు ఎనిమిది సిట్టింగులు చేశారు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ రోజూ వేసుకునే నొప్పి మాత్ర వారానికి రెండుసార్లకు తగ్గింది. ఇంట్లో వేలితో ఎక్కడ నొక్కుకోవాలో, ఎవరికి ఎక్కడ నొక్కకూడదో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఏడాదికి మూడుసార్లు, రుతువు మారడానికి ఒక పదిహేను రోజుల ముందు వెళ్ళి రెండు మూడు సిట్టింగులు చేయించుకుంటాను. మిగతా రోజులకు నా బొటనవేలు చాలు. సూది మాత్రం డాక్టరు చేతిలోనే ఉండాలి. ముప్పై ఏళ్ళు ఇంజెక్షన్లు చేసిన చెయ్యి నాది, అయినా ఆక్యుపంక్చర్ సూది నేను పట్టుకోను.

మా వీధి చివర పిన్నిగారు ఒకసారి అడిగారు. "ఏమ్మా, ఆ సూదులు పొడిపించుకుంటే వానాకాలం జలుబే రాదటగా?"

"రాదని చెప్పలేనండి పిన్నిగారూ. ఒళ్ళు నొప్పులు, తల బరువు కాస్త తేలిగ్గా గడుస్తాయి. రాత్రి నిద్ర పడుతుంది. నేను చూసింది అంతవరకే" అన్నాను.

ఇప్పటికీ అదే చెబుతాను. నొప్పుల విషయంలో ఈ వైద్యానికి కొన్ని ఆధారాలు ఉన్నాయి: మోకాళ్ళ అరుగుదల, పాత నడుము నొప్పి, మైగ్రేన్ తలనొప్పి. ఆపరేషన్ తర్వాత, క్యాన్సర్ మందుల తర్వాత వచ్చే వాంతులకు పనిచేస్తుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల బృందం తేల్చింది. రుతువుతో పాటు వచ్చే తుమ్ముల మీద 2013లో జర్మనీ నుంచి 422 మందితో చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. పుప్పొడి పడని మనుషులు వాళ్ళంతా. ఎనిమిది వారాలయ్యేసరికి అసలు సూదులు వేయించుకున్నవాళ్ళకు, ఉత్తుత్తి సూదులు వేయించుకున్నవాళ్ళకంటే ముక్కు బాధ తగ్గింది, మాత్రలు కూడా తక్కువ పట్టాయి. పదహారో వారానికి ఆ తేడా కనపడలేదు. దీన్నుంచి నేను తీసుకున్నది ఒకటే: ఒకసారి చేయించుకుని ఏడాదంతా నిశ్చింతగా ఉండే వైద్యం కాదిది, సీజన్ సీజన్‌కీ ముందుగా వెళ్ళాలి. "ఇమ్యూనిటీ పెంచుతాం" అని బోర్డు పెట్టిన చోట కొంచెం ఆగి ఆలోచించండి. ఆ మాటకు అంత బలమైన ఆధారం లేదు.

ఈ వైద్యం మన దేశానికి వచ్చిన దారి కూడా చెప్పుకోవాలి. 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నీస్ పేరు చాలామందికి తెలుసు. అదే బృందంలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఉన్నారు. ఆయన తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

బావి నుంచి సముద్రం దాకా

నేర్చుకునే రోజుల్లో నన్ను పట్టి కూర్చోబెట్టిన సంగతి ఇది. చైనావాళ్ళు ఒంట్లో శక్తి నీళ్ళలా దారుల వెంట పారుతుందని చెబుతారు. వేళ్ళ కొసల నుంచి మోచేతుల దాకా, కాలివేళ్ళ నుంచి మోకాళ్ళ దాకా ఉన్న ముఖ్యమైన బిందువులను ఐదు రకాలుగా విడదీస్తారు. కొసన ఉన్నది బావి. తర్వాత ఊట, ఆ పైన వాగు, ఆ పైన నది. మోచేయి, మోకాలి దగ్గరకు వచ్చేసరికి సముద్రం. డాక్టరుగారు ఇది చెబుతుంటే నాకు మా గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు కళ్ళ ముందు కదిలాయి. ఎక్కడో కొండల్లో ఊట, ఇక్కడ మా లంకల పక్కన సముద్రం. కాలువలో పూడిక పడితే చివరి చేలకు నీరందదు, గట్టు తెగితే ఊరు మునుగుతుంది. ఒంట్లోనూ అలాగే ఒక చోట అడ్డుపడుతుంది, ఒక చోట పొంగుతుంది అని వాళ్ళ లెక్క. ఎక్స్‌రేలో ఆ దారులు కనపడవు. కానీ ఎక్కడ ఏ బిందువు ఉందో గుర్తుపెట్టుకోవడానికి డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

వాళ్ళకు రుతువులు ఐదు. వసంతానికి కాలేయం, ఎండాకాలానికి గుండె, ఎండాకాలం చివర తేమ రోజులకు ప్లీహం, ఆకు రాలే కాలానికి ఊపిరితిత్తులు, చలికి మూత్రపిండాలు. మనకు ఆరు. ఈ రెండు లెక్కలనూ బలవంతంగా కలపడానికి నేను ప్రయత్నించలేదు. కాలువ చెప్పినట్టు నడుచుకుంటున్నాను. ఒక్క తేమ సంగతి మాత్రం మనకు అచ్చంగా సరిపోయింది. ఒళ్ళు బరువెక్కడం, కాళ్ళు లాగడం, ఆకలి మందగించడం, కీళ్ళు పట్టేయడం, వీటన్నిటినీ వాళ్ళు 'తేమ' అంటారు. జూలైలో మా ఊరి చావడిలో కూర్చున్న ఎవరిని అడిగినా ఈ నాలుగే చెబుతారు.

డాక్టరు దగ్గర చూసుకోవలసినవి

సూది చాలా సన్నం. సాధారణంగా పావు మిల్లీమీటరు మందం. మన ఇంజెక్షన్ సూది కంటే బాగా సన్నగా, బోలు లేకుండా ఉంటుంది. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు, తర్వాత ఆ చుట్టూ బరువుగానో, తిమ్మిరిగానో ఉంటుంది. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుకోబెడతారు. అక్కడ నేను గట్టిగా పట్టుబట్టేది ఒకే ఒక్కటి: సీల్ ఉన్న కొత్త ప్యాకెట్ మన కళ్ళ ముందే చింపాలి, వాడిన సూది మన కళ్ళ ముందే సూదుల డబ్బాలో పడాలి. ఒకసారి ఒక ఉచిత శిబిరంలో స్టీలు ట్రేలో స్పిరిట్ పోసి సూదులు నానబెట్టడం చూశాను. అడిగితే "ఉడకబెట్టాం కదమ్మా" అన్నారు. హెపటైటిస్ బి ఎలా పాకుతుందో ఉద్యోగంలో ఏళ్ళ తరబడి అందరికీ చెప్పినదాన్ని, అక్కడ ఎలా పడుకుంటాను? నాతో వచ్చిన నలుగురినీ లేపి తీసుకొచ్చేశాను. మీరూ మొహమాటపడకండి.

వెళ్ళే ముందు ఏదైనా తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతోనో, చేలో ఎండన పడి నేరుగానో వెళితే కళ్ళు తిరుగుతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, గుండెకు పేస్‌మేకర్ ఉంటే, షుగరు ఉంటే, గర్భిణి అయితే పడుకోకముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు సూదులకు కరెంటు పెట్టే పద్ధతి పనికిరాదు. ఛాతీ మీద, వీపు పైభాగంలో సూది లోతుగా వెళితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగానైనా ఉంది, చదువుకున్న డాక్టరే కావాలని చెప్పడానికి ఇదే కారణం. బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఆపేయమని ఎవరైనా అంటే మళ్ళీ అక్కడికి వెళ్ళకండి.

బొటనవేలి పని

ఇంట్లో చేసుకునేది నొక్కుడు. కొలత మన చేతిలోనే ఉంది. ఎవరి ఒంటికి వాళ్ళ బొటనవేలి వెడల్పే ఒక 'చున్'. నాలుగు వేళ్ళు దగ్గరగా పెడితే మూడు చున్‌లు, చిటికెన వేలు మినహాయించి మూడు వేళ్ళయితే రెండు. పొడుగాటి మనిషికీ పొట్టి మనిషికీ లెక్క తప్పకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.

గోరు కత్తిరించుకోండి. కుర్చీలోనో అరుగు మీదో నిమ్మళంగా కూర్చోండి. బిందువు దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా వెతికితే, చుట్టుపక్కల కంటే అక్కడ కాస్త లోతుగా, నొక్కితే తీయని నొప్పిగా ఉంటుంది. పిండి తడిపేటప్పుడు వేసేంత బలం చాలు. ఊపిరి వదులుతూ నొక్కి, పీలుస్తూ వదలండి. ఒక్కో చోట ఒకటి రెండు నిమిషాలు, రెండు వైపులా. పుండు మీద, వాపు మీద, ఉబ్బిన నరాల మీద వేలు పెట్టకూడదు. మర్నాడు కమిలి కనపడితే మీరు ఎక్కువ నొక్కారని అర్థం.

కాలువ కట్టేసినప్పుడు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మనకు ఎండ కంటే ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, రాత్రి ఒంటి గంట దాకా విసనకర్ర ఆగదు. ఏప్రిల్ మొదటి వారంలోనే నేను సిట్టింగుకు వెళతాను, నిద్ర కోసం.

ఇంట్లో మూడు చోట్లు. మోచేయి సగం మడిచితే పడే మడతకు బయటి కొసన ఉన్నది ఎల్ఐ 11 (ఈ అక్షరాలూ అంకెలూ డాక్టర్లు ఒక్కో బిందువుకు పెట్టుకున్న గుర్తులు). ఇది 'సముద్రం' బిందువు, వేడి తగ్గించడానికి వాళ్ళు దీన్నే వాడతారు. పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి పైకి వేలు జరుపుకుంటూ వెళితే, రెండు ఎముకలు కలిసే చోటికి కాస్త ముందు ఒక గుంట తగులుతుంది. అది ఎల్ఆర్ 3. కణతలు నొప్పెడుతుంటే ఇక్కడ నొక్కితే నాకు హాయిగా ఉంటుంది. మూడోది పిసి 6: అరచేయి పైకి పెట్టి, మణికట్టు మడత నుంచి మూడు వేళ్ళు పైకి కొలిస్తే, తాళ్ళలా తగిలే రెండు నరాల మధ్య ఉంటుంది. వికారానికి ప్రపంచమంతా ఎక్కువగా పరీక్షించి చూసిన బిందువు ఇదే. ఎర్ర బస్సులో అమలాపురం వెళుతూ వాంతి చేసుకునే మా మనవరాలికి దారంతా ఇదే నొక్కుతూ కూర్చుంటాను.

కొబ్బరినీళ్ళు, మజ్జిగ, ముంజలు ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఎండన పడినవాళ్ళకు చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా అది వడదెబ్బ. అప్పుడు బిందువుల కోసం వెతకకూడదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

కాలువ వదిలాక

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఈ రోజుల మీదే. మృగశిర కార్తెకు ముందే మొదలుపెట్టమని అందరికీ చెబుతాను. నాట్లకు దిగే ఆడవాళ్ళు రోజుకు ఏడెనిమిది గంటలు నడుం వంచి, పిక్కల దాకా బురదలో వెనక్కి వెనక్కి నడుస్తారు. సాయంత్రం లేచి నిలబడేసరికి నడుము ఒక పట్టాన నిటారు కాదు. వాళ్ళ కాళ్ళు పట్టి చూసిన చేతులు నావి. ఆ నొప్పికి ఆక్యుపంక్చర్ ఎంతో కొంత మేలు చేస్తుందని నా నమ్మకం, నా అనుభవం.

మొదటిది ఎస్‌టి 36. మోకాలు మడిచి కూర్చుంటే చిప్పకు కిందుగా, బయటి వైపు ఒక గుంట పడుతుంది. అక్కడి నుంచి నాలుగు వేళ్ళు కిందికి, ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. చైనాలో దీని పేరు 'కాలి మూడు లీలు'. లీ అంటే వాళ్ళ దూరం కొలత. అలసిపోయిన మనిషి కూడా ఇక్కడ నొక్కించుకుంటే ఇంకో మూడు లీలు నడుస్తాడని చెప్పుకుంటారు. కాలి అలసటకు, కడుపు ఉబ్బరానికి, ఆకలి మందానికి దీన్నే వాడతారు. రెండోది ఎస్‌పి 9. కాలి లోపలి వైపు, ఎముక అంచు వెంట చీలమండ దగ్గర నుంచి వేలు పైకి జరుపుకుంటూ వస్తే, మోకాలి కింద ఎముక వంపు తిరిగే చోట వేలు ఆగుతుంది. ఆ గుంటే. తేమను తోడేసే బిందువు అంటారు. దాని చైనా పేరులోనే ఊట ఉంది. మోకాళ్ళు పట్టేసే వానాకాలంలో ఈ రెండూ పొద్దున్న ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి.

నడుముకు వేలు సరిగా అందదు. మోకాలి వెనక మడత మధ్యలో బిఎల్ 40 అని ఒక బిందువుంది, నడుము నొప్పికి డాక్టర్లు తప్పకుండా చూసే చోటు. అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది కాబట్టి ఇంట్లో గట్టిగా నొక్కవద్దు, అరచేత్తో నిమరడం చాలు. నాట్లు మొదలయ్యే ముందు రెండు సిట్టింగులు, మధ్యలో ఒకటి చేయించుకోగలిగితే మంచిది. కూలికి వెళ్ళే మనిషికి రాజమండ్రి వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే మా వీధి అరుగు మీద రాత్రి భోజనాలయ్యాక నలుగురైదుగురం కూర్చుని ఒకరి కాళ్ళు ఒకరం నొక్కుకుంటాం. "అత్తయ్యా, ఇక్కడేనా?" "కాదే, ఇంకో వేలు కిందికి." అలా చూపించుకుంటూ నేర్చుకున్నది ఎన్నేళ్ళయినా మరచిపోరు.

నొక్కే ముందు కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవండి. బురదలో నానిన కాళ్ళకు వేళ్ళ సందులు ఒరుస్తాయి. ఆ పుండ్లు మానేదాకా పాదాల జోలికి పోవద్దు.

కడుపుతో ఉన్న ఆడపిల్లల సంగతి ఇక్కడే చెబుతాను. చేతిమీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే ఎల్ఐ 4, లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన ఉండే ఎస్‌పి 6, బయటి చీలమండ వెనక ఉండే బిఎల్ 60, మెడకూ భుజానికీ మధ్య ఉండే జిబి 21, ఈ నాలుగూ గర్భిణులకు నొక్కకూడదని సంప్రదాయం. నొప్పులు రప్పించడానికి వాడే బిందువులు అవి. ఎన్నో కాన్పులు చూసినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు

గోదావరి ఎర్రబడ్డాక పులస కోసం రేవుల దగ్గర జనం గుమిగూడతారు. పీహెచ్‌సీ ముందు కూడా గుమిగూడతారు. ఈ రెండు నెలలూ సూదులకు వెళ్ళాలా అని అడిగితే, ఒంట్లో జ్వరం లేకపోతేనే వెళ్ళండి అంటాను.

మూడేళ్ళ కింద మా తోడికోడలికి జ్వరం వచ్చింది. ఒళ్ళు నొప్పులు, కళ్ళ వెనక నొప్పి. "అక్కా, నువ్వు నొక్కితే తేలిగ్గా ఉంది, ఇంకాస్త నొక్కు" అంది. మూడో రోజు సాయంత్రం నేను నొక్కుతూ కూర్చున్నాను. పొద్దున్నే చేతుల మీద ఎర్రటి చుక్కలు కనపడి, అప్పుడు పరుగెత్తాం. డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వారం ఆసుపత్రిలో ఉండి క్షేమంగా ఇంటికొచ్చింది. కానీ ఆ ఒక్క రాత్రి ఆలస్యం నాదే. ఊరందరికీ రక్త పరీక్ష చేయించుకోమని చెప్పిన నేను, నా ఇంట్లో మనిషికి చెప్పలేకపోయాను. అప్పటి నుంచి జ్వరం ఉన్న ఒంటి మీద వేలు పెట్టను. రెండు రోజులు దాటిన జ్వరానికి డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలే దారి. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు సూది గుచ్చితే రక్తం ఆగదు, గట్టిగా నొక్కినా చర్మం లోపల కములుతుంది.

ఇంకొకటి మన గోదావరి జిల్లాల్లో తప్పకుండా చెప్పాల్సింది: బోదకాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలేరియా సర్వేకి రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి వేలి నుంచి రక్తపు చుక్క తీసేవాళ్ళం. ఆ పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూటే కనిపిస్తాయి. బోదకాలు వచ్చిన కాలికి చిన్న గాయమైనా చీము పడుతుంది, చలిజ్వరం వస్తుంది. ఆ కాలికి సూది వద్దు, గట్టి నొక్కుడు వద్దు. సబ్బుతో కడిగి ఆరబెట్టడం, కాలు ఎత్తు మీద పెట్టుకోవడం, ప్రభుత్వం మాత్రలు ఇచ్చినప్పుడు మింగడం, ఇవే దానికి పని.

వరద వచ్చి లంకలు మునిగి, బట్టలు తడిసి, పునరావాస కేంద్రంలో నిద్రలేకుండా ఉన్నవాళ్ళకు మాత్రం పిసి 6 నొక్కి పెట్టేదాన్ని. భయంతో గుండె దడదడలాడుతుంటే కాసేపు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడానికి అదొక సాకు కూడా. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగడం, చెమటలు ఉంటే అది వేరే సంగతి. వెంటనే ఆసుపత్రి.

కోతల నాటికి

తుమ్ముల సీజన్‌కు దసరా వెళ్ళగానే తయారవ్వాలి. నవంబరులో సార్వా (వానాకాలం పంట) కోతలు మొదలవుతాయి. ఇప్పుడు మిషన్లు వచ్చాక కుప్పనూర్పులు తగ్గాయి, దుమ్ము మాత్రం ఒక్కసారిగా లేస్తోంది. దానికి తెల్లవారుజామున మంచు తోడు. 1996 నవంబరు 6న తుపాను మా కోనసీమను కొట్టిన ఏడు, తడిసిన ధాన్యం, కుళ్ళిన గడ్డి వాసనల మధ్య ఎంతమంది దగ్గుతూ ఉపకేంద్రానికి వచ్చారో నాకింకా గుర్తే.

ముక్కు రెక్కల పక్కనే ఉన్న గాడిలో ఎల్ఐ 20. పేరుకు అర్థం 'సువాసనకు స్వాగతం'. చూపుడువేళ్ళతో రెండు వైపులా గుండ్రంగా రుద్దితే దిబ్బడ ముక్కు కాసేపు తెరుచుకుంటుంది. తల వెనక పుర్రె ఎముక కింద, మెడ కండరాలకు రెండు పక్కలా ఉన్న గుంటలు జిబి 20, 'గాలి మడుగు'. చేతివేళ్ళు తల వెనక పెనవేసి, రెండు బొటనవేళ్ళనూ ఆ గుంటల్లో ఉంచి పైకి ఎత్తినట్టు నొక్కాలి. రెండు చేతుల బొటనవేళ్ళూ ఒకదానిలో ఒకటి పెనవేస్తే, పై చేతి చూపుడువేలి కొస రెండో మణికట్టు ఎముక మీద ఎక్కడ ఆగుతుందో అది ఎల్‌యు 7, దగ్గుకు. గర్భిణులు కానివాళ్ళు ఎల్ఐ 4 కూడా కలుపుకోవచ్చు: బొటనవేలిని చూపుడువేలికి ఆనిస్తే ఉబికే కండ మీద ఎత్తైన చోటు.

ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకునే ఇవన్నీ చేయాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే నొక్కుడు పని లేదు, ఆసుపత్రే. చేలో గుడ్డ ముక్కుకు కట్టుకోవడం ఏ బిందువు కంటేనూ ఎక్కువ పనిచేస్తుంది.

చలి

మనకు చలి ఉండేది తక్కువ, తొందరగా చెప్పేస్తాను. లోపలి చీలమండ ఎముకకూ మడమ వెనక నరానికీ మధ్య గుంటలో కెఐ 3. అరికాలి ముందు భాగంలో, వేళ్ళు ముడిస్తే గుంట పడే చోట కెఐ 1, దీని పేరు 'ఉబికే ఊట'. రాత్రి కొబ్బరినూనె రాసి అరికాలు రుద్దుకుంటే పెద్దవాళ్ళకు కాళ్ళు వెచ్చబడి నిద్ర పడుతుంది.

చలికాలంలో డాక్టర్లు సూదితో పాటు మాక్సా పెడతారు. ఎండిన ఆకును దూది చేసి, చుట్టగా చుట్టి, వెలిగించి, చర్మానికి కాస్త దూరంలో పట్టి వెచ్చదనం ఇస్తారు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఆక్యుపంక్చర్‌తో పాటు ఇదీ వెళ్ళింది. ఆ ఆకు ఏదో తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది. వినాయకచవితికి మొట్టమొదట పూజించే మాచిపత్రి ఉంది కదా, ఆ జాతి మొక్కే. వాసన కూడా అదే. అయితే ఇంట్లో వెలిగించకండి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళకు కాలినా తెలియదు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు పొగ పడదు.

నా దగ్గర ఒక పాత రిజిస్టరు ఉంది. ఏ వారం ఏం నొక్కాను, నిద్ర ఎంత పట్టింది, నొప్పి మాత్రలు ఎన్ని వేశాను అని రాసుకుంటాను. మాత్రల లెక్క తగ్గని నెల డాక్టరుగారికి ఆ పేజీ చూపిస్తాను. ఆయన బిందువులు మారుస్తారు, లేదా "ఎముకల డాక్టరుకు చూపించమ్మా" అంటారు. మీరూ ఒక నోటుబుక్ పెట్టుకోండి. సంక్రాంతికి ప్రభల తీర్థం వెళ్ళొచ్చాక నేను కొత్త పేజీ మొదలుపెట్టి, పైన ఏప్రిల్ మొదటి వారం తేదీ వేసుకుంటాను, సిట్టింగుకు ఫోన్ చేయడానికి.